రేటు పడాలని కోరుకునే హయాత్

తన ఇంటి రేటు పడిపోవాలని రోజూ పొద్దున్నే కోరుకునే మనిషి చిలకలూరిపేట మొత్తానికి ఒక్కడే. పరుపులు కుట్టే హయాత్. అస్లాం నెట్ సెంటర్ షట్టర్ సగం లేవగానే, ఆ సందులోంచి దూది అంటిన తలకాయ ఒకటి లోపలికి దూరేది.

"ఏరా అస్లాం, ఇవాళన్నా తగ్గిందా?"

"నిన్నంతే ఉంది మామా."

"అదేందిరా! వంటింట్లోకి మోకాలి లోతు నీళ్ళొచ్చినయ్యి!"

"సైటుకెట్టా తెలుస్తుంది?"

"తెలియకుండానే రేటు చెబుతోందా మరి?"

డిగ్రీ మధ్యలో వదిలేసిన అస్లాం కీబోర్డు మీద రాలిన దూది ఊదేసుకున్నాడు. ఇళ్ళ రేట్లు చెప్పే ఆ సైట్ ఊరు, గజాలు, గదులు అడిగి అంకె చెప్పేస్తుంది. ఊళ్ళ వరసలో పేట లేదు కాబట్టి గుంటూరు నొక్కాలి. పెంకుటిల్లయినా మేడయినా దానికొకటే. కానీ తెర మీద పడ్డ అంకెను జనం ఎంత గట్టిగా నమ్ముతారో రోజూ చూస్తున్నాడు గనక, అస్లాంకు లోలోపల దిగులుగానే ఉండేది.

హయాత్ పోరు మానలేదు. దూలానికి చెద పట్టిందని సంబరంగా పరిగెత్తుకొచ్చాడు. "కొట్టరా, చెద అని కొట్టు!"

"చెదకు గడి లేదు మామా."

"అయితే ఇదేం లెక్కరా!"

ఒకరోజు హయాత్ అక్కడ ఉండగానే దర్శి నుంచి ఇమ్మానియేలు దిగాడు. మిరప రైతు. వెనకాల అక్క ఎలీసమ్మ. హయాత్‌కు గోడ పక్క మనిషి. భర్త పోయాక హయాత్ పరుపులకు దిండు గలీబులు కుడుతూ బతుకుతోంది. ఇల్లు అమ్మేసి తన దగ్గరికి వచ్చెయ్యమని తమ్ముడి పట్టు. ప్రేమతో అడుగుతున్నాడు గనక ఆమె కాదనలేదు. కుట్టు మిషనూ, గోడ మీదుగా హయాత్ పెళ్ళాం కరీమున్‌తో కబుర్లూ వదిలి పోనూలేదు.

"రెండిళ్ళూ ఒకే కొలత. ఎప్పుడడిగినా ఇంకా మంచి రేటు రాలేదంటాడీ హయాతన్న. నేనే చూస్తా, నొక్కు తమ్ముడూ" అన్నాడు ఇమ్మానియేలు.

అస్లాంకు అప్పుడు వెలిగింది. మామకు అబద్ధం ఆడటం రాదు. అందుకే ఎలీసమ్మ ఇల్లు అమ్ముడుపోకుండా ఇన్నాళ్ళూ రేటు నిజంగానే పడాలని చూశాడు.

అస్లాం నొక్కక తప్పలేదు. ఆ పూటే అంకె పెరిగి కూర్చుంది.

"అక్కా, పెరిగింది! అమ్మేద్దాం!"

ఎలీసమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ హయాత్ వంక చూసింది. హయాత్ ఆమె తమ్ముడి వైపు తిరిగాడు.

"ఇమ్మానియేలూ, కోల్డ్ స్టోరేజీలో నీ మిరప బస్తాలున్నయ్యిగా. రేటు పడ్డప్పుడు అమ్మావా?"

"పిచ్చా నాకు? పెరిగేదాకా ఆగా."

"పెరిగినాక?"

"ఇంకా పెరుగుద్దని ఆగా."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ ఆగే ఉన్నాగా!"

"మరి మిరపకొక న్యాయం, ఇంటికొక న్యాయమా?"

ఇమ్మానియేలు తెర వంక చూశాడు. అక్క వంక చూశాడు. మెడ గోక్కున్నాడు.

"నిజమే అక్కా. పెరిగేటప్పుడు అమ్ముకుంటే ఊళ్ళో నవ్వుతారు. కొన్నాళ్ళు ఆగుదాం."

ఎలీసమ్మ వేలి నుంచి కొంగు జారిపోయింది. "గలీబులు కుట్టాల్సినవి ఉన్నాయిరా" అంటూ తమ్ముడి కంటే ముందే మెట్లు దిగింది.

వాళ్ళు మలుపు తిరిగేదాకా ఆగి, హయాత్ కుర్చీలో కూలబడ్డాడు.

"అస్లాం, ఇక పెరిగినా ఫర్లేదురా."