ఏడుగురి సంఘానికి మూడు బస్సులు

గద్వాల జిల్లాలో గట్టు అనే ఊరి దగ్గరి ఒక పల్లెలో మా పాత మిషన్ చర్చి ఉంది. దాన్ని మూసేయాలని మా చర్చిల కమిటీ తీర్మానించింది. ఆ సంగతి రాసిన ఉత్తరాన్ని అక్కడి సంఘానికి చదివి వినిపించి, బాప్తిస్మాల రిజిస్టరు తీసుకురమ్మని నన్ను పంపారు. నాగర్‌కర్నూల్‌లో పాస్టరుగా చాలా ఏళ్లుగా ఉన్నాను. ఆడమనిషి అయితే మెత్తగా చెబుతుందని ఎంచుకున్నారేమో.

శనివారం ఉదయం ఆరూ పదికి వనపర్తి బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే కండక్టర్ ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ కొట్టిచ్చాడు. పక్క సీట్లో సునీత అనే పాతికేళ్ల అమ్మాయి నన్ను గుర్తుపట్టింది. చిన్నప్పుడు మా సండే స్కూలుకు వచ్చేదట. ఇప్పుడు వనపర్తిలో ఒక పెద్ద ప్రార్థన మందిరానికి వెళ్తోంది.

"మీ చర్చిల పుస్తకం జూసి లేస్తరు, పుస్తకం జూసి కూసుంటరు పాస్టరమ్మా. మా దగ్గర డ్రమ్ములు గిట్ల ఉంటయి. జాగనే సరిపోదు" అంది.

"నీకు జరమొస్తే ఆడికెల్లి ఎవరన్న ఇంటికొస్తరా బిడ్డా?"

"అంత జనంల ఎవరికి తెలుస్తది?" అని నవ్వింది. అంతలోనే, "మా నాయిన పోయినప్పుడు మీరు గూడ రాలే గద" అంది. కోపం లేదు ఆ మాటలో. ఆ రోజు నేను కమిటీ మీటింగులో ఉన్నాను.

ఎనిమిదింటికి వనపర్తిలో గద్వాల బస్సు దొరికింది. బీచుపల్లి వంతెన కింద కృష్ణ నిండుగా, ఎర్రగా పారుతోంది. తొమ్మిదిన్నరకు గద్వాలలో దిగి, బస్టాండు పక్కన బొరుగులతో చేసిన వేడి ఉగ్గాని, మిర్చి బజ్జీలు తిన్నాను. అటు వెళ్లేవారు మరేదీ అడగకండి. గట్టు బస్సు పదిన్నరకు. అది తప్పితే ఆటోలే దిక్కు. దారి పొడవునా విత్తనాల కోసం పెంచే సీడుపత్తి చేలు. ఆడవాళ్లు వంగి ఒక్కో పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దుతున్నారు.

గట్టు నుంచి ఆటోలో పల్లె చేరేసరికి పన్నెండు దాటింది. బండరాళ్ల గోడల చర్చి తలుపు తెరిచే ఉంది. డెబ్బై దాటిన సంఘపెద్ద తిప్పమ్మ లోపల ఊడుస్తోంది. చేనుపని ముగించుకుని మరో ఐదుగురు ఆడవాళ్లు, ఒక ముసలాయన వచ్చారు. వేళ్లకు ఇంకా పసుపుపచ్చని పుప్పొడి. అక్కడికి పాస్టరంటూ ఎవరూ రాక ఏడాదైందట.

సంఘంలో తక్కినవాళ్లలో కొందరు పుణెకు, హైదరాబాదుకు పనికి పోయారు. కొందరు భయపడి మానేశారు. క్రైస్తవులమని తేలితే ఎస్సీ సర్టిఫికెట్ పోతుందని భయం. తిప్పమ్మ మనవడు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టి, చర్చికి పోవద్దని ఆమెను బతిమాలాడట.

"నువ్వేమన్నవు పెద్దమ్మా?"

"నీ కాగితంల ఏమన్న రాయించుకో బిడ్డా, నా మోకాళ్లు ఈడనే వంగుతయి అన్న. మాదిగింట్ల పుట్టిన, ఏసయ్యను నమ్మిన. రెండూ నేనే. ఒకటి ఇడిసిపెట్టుమంటే ఎట్ల ఇడుస్త?"

ఉత్తరం తీశాను. 'సభ్యుల సంఖ్య తక్కువైనందున' అని మొదలుపెట్టానో లేదో, తిప్పమ్మ చెయ్యెత్తింది.

"జర ఆగు పాస్టరమ్మా. ఎంతమంది ఉంటే దేవుడొస్తడో గా కాగితంల రాసిండ్రా?"

"రాయలేదు."

"మరెందుకు సదువుతున్నవు? ఏడాదికి దొరికినవు, మాకు ప్రభువు రొట్టె ఇయ్యి."

ఉత్తరం మడిచి సంచిలో పెట్టేశాను. ఎక్కడికెళ్లినా వెంట ఉంచుకునే ద్రాక్షరసం నా దగ్గర ఉంది. రొట్టె లేదు. ఒకామె తన సద్దిలోని జొన్నరొట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది. దాన్నే విరిచి ఏడుగురికీ ఇచ్చాను. ముసలాయన పుస్తకం లేకుండానే కీర్తన ఎత్తుకున్నాడు, మేమందరం అందుకున్నాం. ప్రభురాత్రి భోజనం ఎన్ని వందల సార్లు జరిపించానో. జొన్నరొట్టెతో జరిపించింది మాత్రం ఆ రోజే.

తర్వాత బయటికొచ్చి కమిటీ కార్యదర్శికి ఫోన్ చేశాను.

"ఉత్తరం చదవలేదండీ. రిజిస్టరు తేవడం లేదు."

"ఏడుగురి కోసం కమిటీని ఎదిరిస్తారా అమ్మగారూ?"

"ఎదిరిస్తున్నా. ప్రతి నెలా మొదటి శనివారం నేనే ఇక్కడికొస్తా. ఆపాలంటే నన్ను పనిలోంచి తీసెయ్యండి."

ఆయన ఫోన్ పెట్టేశారు. తర్వాత సంజాయిషీ అడుగుతూ నోటీసు వచ్చింది. జవాబు రాసి పంపాను. ఇది రాసేనాటికి మూడుసార్లు వెళ్లొచ్చాను, చర్చి తెరిచే ఉంది.

ఆ రోజు నాలుగుంపావుకు గట్టులో తిరుగు బస్సెక్కాను. మన సంఘాలు తరిగిపోతున్నాయని సమావేశాల్లో విన్నాను, నేనూ అన్నాను. తరుగుతున్న మాట నిజమే. అందులో మా తప్పూ ఉంది. కానీ మిగిలినవాళ్లను లెక్కలోంచి కొట్టేసే హక్కు మాకెవరిచ్చారు?

గద్వాలలో బస్సు మారాక, పెబ్బేరులో ఎక్కిన ఒకామె నా మెడలోని సిలువను చూసి, "మీరు కిరస్తానోళ్లా?" అని అడిగింది. ఇలాంటి ప్రశ్నకు చాలాసార్లు 'టీచర్ని' అని చెప్పి తప్పించుకున్నదాన్ని.

"అవునమ్మా, పాస్టర్ని" అన్నాను, బస్సంతా వినిపించేలా.

"గట్లనా" అంటూ ఆమె నా పక్కనే కూర్చుంది.