తెయ్‌జే చెప్పిన పేర్లు, నేను చెప్పినవి

తెయ్‌జే పోయిందన్న మెసేజ్ వచ్చినప్పుడు నేను న్యూజిలాండ్‌లోని లోవర్ హట్‌లో ఎవరిదో ఇంటి నేల కింద బోర్లా పడుకుని ఉన్నాను. ఇక్కడి పాత ఇళ్లు చెక్క దిమ్మెల మీద నిలబడి ఉంటాయి. నేలకీ మట్టికీ మధ్య మనిషి పాకేంత సందు ఉంటుంది. పురుగుల మందు కొట్టడం నా ఉద్యోగం కాబట్టి నా రోజులో సగం ఆ సందుల్లోనే గడుస్తుంది. జేబులో ఫోను వణికింది. ఆవిడ కూతురు రాసింది: "అమ్మ ఈ ఉదయం పోయింది. రేపు మధ్యాహ్నం ఖననం. నువ్వు వస్తే అమ్మకి ఇష్టం." చదివి, ఏం చెయ్యాలో తోచక, మిగిలిన మూలకి కూడా మందు కొట్టి బయటికి వచ్చాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ అర్థం కాదు.

తెయ్‌జే అంటే టర్కిష్‌లో పిన్ని, పెద్దమ్మ. ఆవిడ నాకు ఏమవుతుందని అడిగితే సరిగ్గా చెప్పలేను. మొదట కస్టమరు. తర్వాత మేము అదే వీధిలో ఇల్లు అద్దెకు తీసుకున్నాం కాబట్టి పక్కింటావిడ. ఆ తర్వాతదానికి మాట ఉందో లేదో తెలియదు. ఓసారి అలవాటుగా ఆంటీ అన్నాను. "మీవాళ్లు కనిపించిన ప్రతి ఆడదాన్నీ ఆంటీ అంటారు. నేను ఆ మందలో ఒకదాన్నా? తెయ్‌జే అను," అంది.

మొదటిరోజు బొద్దింకలకని పిలిచింది. నేను వంటింట్లోకి అడుగుపెట్టబోతే గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టింది. స్టవ్ పక్కన ఒక కాగితం, దాని మీద బోర్లించిన టీ గ్లాసు, గ్లాసులో బొద్దింక.

"దీని పేరేంటి?" అంది తన ముక్కల ఇంగ్లిష్‌లో.

"కాక్రోచ్."

"అది వీళ్ల పేరు. మీ ఇంట్లో ఏమంటారు?"

బొద్దింక అన్నాను. ఆవిడ రెండుసార్లు పలికి చూసుకుంది. టర్కిష్‌లో హమామ్ బోజెయి, అంటే స్నానశాల పురుగు అని చెప్పింది. అప్పుడు అడ్డం పెట్టిన చెయ్యి తీసింది. "పేరు అడక్కుండా చంపకూడదు," అంది. ఈ మాట ఆవిడ నాకు కనీసం యాభైసార్లు చెప్పి ఉంటుంది. ఎందుకని ఓసారి అడిగాను. వయసులో ఉన్నప్పుడు ఇక్కడి బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషను దగ్గర పనిచేసేదట. తన పేరు నోరు తిరగడం లేదని సూపర్‌వైజరు వేరే పేరు పెట్టి, రిటైరయ్యేదాకా ఆ పేరుతోనే పిలిచాడట. కోపంగా చెప్పలేదు. ఆ తర్వాత చీజ్ ముక్క కోసి నా ముందు పెట్టింది.

అలా మొదలైంది. వాళ్లింట్లో నాకు పని ఉన్నా లేకున్నా, వారానికోసారి ఆ గ్లాసు కింద ఎవరో ఒకరు కూర్చుని ఉండేవారు. ముందు నేను పేరు చెప్పాలి, తర్వాత ఆవిడ. కందిరీగని గాడిద తేనెటీగ అంటారట. తూనీగని చిన్న యూసుఫ్ అంటారు. ముట్టుకుంటే గుండ్రంగా చుట్టుకునే బూడిదరంగు పురుగు జపమాల పురుగు. నల్ల పెంకు పురుగు నల్ల ఫాతిమా. "ఎవరా ఫాతిమా? ఏం పాపం చేసింది?" అని అడిగితే, "నాకూ తెలియదు, మా ఊళ్లో నలుగురు ఫాతిమాలు ఉండేవాళ్లు, నలుగురూ తెల్లగానే ఉండేవాళ్లు," అంది. ఇక్కడ ఇళ్లలో దొరకని దూడముక్కు అనే పురుగుని కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. బొమ్మలో అది పురుగులాగా లేదు, దూడలాగా లేదు. కీచుమని చెవులు చిల్లులు పడేలా అరిచేదానికి ఆగస్టు పురుగు అని పేరు. ఇక్కడ అవి ఫిబ్రవరిలో అరుస్తాయి, ఆగస్టులో వానా చలిగాలీ తప్ప ఏమీ ఉండవు. "ఇక్కడి క్యాలెండరు తలకిందులు, పురుగు తప్పేముంది?" అనేది.

ఇవన్నీ నా పని డైరీలో తెలుగులో రాసుకునేవాణ్ణి, మా బాసు చదవలేడు కాబట్టి. ఆ వారం ఏ ఇంట్లో ఏ మందు వాడానో దాని పక్కనే, జపమాల పురుగు, గాడిద తేనెటీగ అని.

ఇక్కడే నేనొకటి ఒప్పుకోవాలి. నాకు పురుగుల పేర్లు రావు. హన్మకొండలో అపార్ట్‌మెంట్లో పెరిగి, ఇక్కడికి కంప్యూటర్ డిప్లొమాకి వచ్చి, ఆ ఉద్యోగం దొరక్క ఈ గొట్టం పట్టుకున్నవాణ్ణి. మొదట్లో నాకు తెలిసినవే వచ్చాయి. మాంటిస్‌ని టర్కిష్‌లో ప్రవక్త ఒంటె అంటారని ఆవిడ చెప్పినప్పుడు, మేము గొల్లభామ అంటాం, అంటే పాలమ్మే అమ్మాయి అన్నాను. ఆవిడ చప్పట్లు కొట్టింది. ఒకే పురుగు ఒక ఊళ్లో ఒంటె, ఇంకో ఊళ్లో పాలమ్మాయి! ఆరోజు నాకు చాలా గర్వంగా అనిపించింది. ఆ గర్వమే కొంప ముంచింది.

తర్వాతి వారం గ్లాసు కింద తోక దగ్గర రెండు కొక్కేలున్న సన్నటి పురుగు ఉంది. ఇంగ్లిష్‌లో ఇయర్‌విగ్ అంటారు. టర్కిష్‌లో దాని పేరుకి చెవిలోకి పారిపోయేది అని అర్థం. మరి మా పేరు? పెరట్లోకి వెళ్లి అమ్మకి వీడియో కాల్ చేసి చూపించాను.

"గదేం పురుగు రా? పురుగుకు పేరెందుకు? చెప్పుతోని కొడితె అయిపాయె," అంది అమ్మ.

లోపలికి వచ్చి, "పట్కారు పురుగు," అని చెప్పేశాను. పొయ్యి మీది గిన్నె దించే పట్కారులాగా ఉంది కదా అని. ఆవిడ నావైపు ఓ క్షణం చూసి, "బాగుంది," అంది. ఆ చూపులో ఏముందో ఇప్పుడు రోజుకి నాలుగుసార్లు గుర్తు చేసుకుంటున్నాను. ఏమీ తేలడం లేదు.

ఆ తర్వాత అబద్ధాలు బారులు తీరాయి. జపమాల పురుగుకి గోలీ పురుగు అన్నాను. ఇక్కడి పొదల్లో ఉండే వేటా అనే పెద్ద మీసాల పురుగుకి మీసాల మామ అన్నాను. వేటా టర్కీలోనే లేదు కదా, మీకు పేరెలా ఉంటుందని నేను అడిగితే, ఆవిడ తడుముకోకుండా పెళ్లికి పిలవని చుట్టం అంది. అది నిజమో, నేను పేర్లు కల్పిస్తున్నానని కనిపెట్టి ఆవిడా కల్పించిందో తెలియదు. మరోసారి వచ్చినప్పుడు నిజం చెప్దాం అనుకునేవాణ్ణి. మరోసారి గ్లాసు కింద ఇంకోటి ఉండేది. ఆ తర్వాత ఆవిడ ఆస్పత్రిలో చేరింది.

ఖననం రోజు గాలి బాగా వీచింది. అంతా అయ్యాక కూతురు నా దగ్గరికి వచ్చింది. ఆమె ఇక్కడే పుట్టింది. టర్కిష్‌లో తిట్లూ తిండి పేర్లూ తప్ప రావని తనే చెబుతుంది. "అమ్మ చెప్పిన పేర్లన్నీ నువ్వు రాసుకున్నావటగా. నలభయ్యో రోజుకి తీసుకొస్తావా? నా దగ్గర ఆవిడ మాటలు ఏమీ లేవు," అంది. సరే అన్నాను. ఇంటికి వచ్చి డైరీ తెరిచాను. అన్నీ అర్థాలే తెలుగులో రాశాను, ఏది ఆవిడ చెప్పింది, ఏది నేను చెప్పింది అన్న గుర్తు సగానికి పెట్టలేదు. చెవి పురుగు అని ఓచోట ఉంది. ఎవరిది?

మా ఆవిడకి చెప్పాను. "గిప్పుడన్న ఉన్నదున్నట్టు చెప్పు. పోయినామెతోని గూడ అబద్ధమాడ్తవా?" అంది.

నలభయ్యో రోజు వాళ్లింట్లో రవ్వ హల్వా చేశారు. వచ్చినవాళ్లంతా వంతులవారీగా గరిటె పట్టుకుని కలిపారు, పోయినవాళ్ల గురించి ఒక మంచి మాట అనుకుంటూ. నా వంతు వచ్చినప్పుడు నాకు ఒక్కటీ తోచలేదు. బయట ఆగస్టు పురుగులు చెవులు తినేస్తున్నాయి.

తర్వాత డైరీలోవి ఇంగ్లిష్‌లోకి మార్చి చదవడం మొదలుపెట్టాను. ఎర్ర రెక్కల మీద నల్లచుక్కలుండే చిన్న పురుగుకి పెళ్లికూతురు పురుగు అని చదివానో లేదో, ఒక పెద్దాయన అడ్డుపడ్డాడు: "కాదు కాదు, అది అదృష్టం పురుగు." "మా వైపు పెళ్లికూతురే," అని ఇంకొకావిడ. నల్ల ఫాతిమా అంటే బొద్దింకే అని ఒకరు, కానే కాదని ఇద్దరు. పెళ్లికి పిలవని చుట్టం అనేసరికి అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ పేరు ఎవరూ ఎప్పుడూ వినలేదట. ఎవరూ నవ్వలేదు కూడా.

కూతురు లేచి లోపల్నుంచి ఒక కాగితం తెచ్చింది. ఫ్రిజ్ మీద అంటించి ఉండేదట, మూలలకి ఇంకా టేపు ఉంది. ఇంగ్లిష్‌వాటిలాగే ఉండే టర్కిష్ అక్షరాల్లో, వణికే చేతిరాతతో, నేను చెప్పిన తెలుగు పేర్లు. గొల్లభామ. తూనీగ. పట్కారు. పన్నెండు ఉన్నాయి.

"ఆస్పత్రిలో కూడా ఇవే వల్లించేది. కొత్త భాష నేర్చుకుంటున్నానని నర్సులకి చెప్పింది," అని నా చేతికి పెన్సిల్ ఇచ్చింది. "సరిగ్గా ఉన్నవాటికి టిక్కు పెట్టు. ఫ్రేము కట్టిస్తాను."

బొద్దింకకి, గొల్లభామకి, తూనీగకి, కందిరీగకి పెట్టాను. పెన్సిల్ ఆగిపోయింది.

"మిగతావి?"

"నేను కల్పించినవి," అన్నాను. "నాకు రాక కల్పించాను. ఆవిడకి చెప్పలేదు."

ఆమె మొహం ఎర్రబడింది. "అమ్మకి తెలుసా?"

"తెలియదు."

"ఆవిడకి తెలియదా, తెలుసో లేదో నీకు తెలియదా?"

నాకు ఏడుపొచ్చింది. తెయ్‌జే చివరి నెలల్లో కష్టపడి నేర్చుకున్న మాటల్లో ఎక్కువ భాగం లోకంలో ఎవరూ మాట్లాడని మాటలు. అలా చేసింది నేను.

అప్పుడు పెరట్లోంచి ఆమె ఐదేళ్ల కూతురు అరిచింది. "పట్కారు! మమ్మీ, పట్కారు!"

కిటికీ దగ్గరికి వెళ్లాం. పిల్ల పూలకుండీ ఎత్తి పక్కన పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని ఉంది. ఇంగ్లిష్ తప్ప ఇంకో ముక్క రాని పిల్ల, ర అక్షరాన్ని మా అమ్మలాగా గట్టిగా పలుకుతోంది. చేతిమీద ఆ పురుగు, కొక్కేలు విప్పుకుని, మణికట్టు వైపు నడుస్తోంది. అమ్మమ్మ నేర్పిందా అని నేను అడగలేదు. ఇంకెవరు నేర్పుతారు?

తెయ్‌జే కూతురు కాగితం వైపు, నావైపు చూసింది. నేను దాన్ని కిటికీ అంచు మీద పెట్టి పట్కారు పక్కన కూడా టిక్కు పెట్టాను. ఆమె వద్దనలేదు. బయట పిల్ల చెయ్యి నేలకి ఆనించింది, పురుగు దిగి కుండీ కిందికి వెళ్లిపోయింది. పిల్ల వంగి, చెంప మట్టికి తగిలేలా ఆ సందులోకి చూస్తూ, దాన్ని పేరు పెట్టి పిలుస్తూనే ఉంది.