నక్షత్రం గుర్తు కింది మాట

బస్సు ఘాట్ రోడ్డు దిగుతుండగా పక్క సీటులో ఉన్న అమ్మాయి కాలు ముందుకు చాచి మోకాలి పట్టీ సర్దుకుంది. నల్ల పట్టీ, అంచున నారింజ రంగు కుట్టు. కిటికీలోంచి పొగమంచు చూస్తున్న పెద్దమనిషి చూపు దాని మీద పడి అక్కడే ఆగిపోయింది. ఆ కుట్టు ఆయనకు తన చొక్కా గుండీల కన్నా బాగా తెలుసు.

"నొప్పా తల్లీ?"

"ఇది పెట్టుకుంటే ఉండదటండీ. ఎల్లుండి నాకు పరుగు పరీక్ష. ఫైర్ స్టేషన్లో ఉద్యోగం. రాతపరీక్ష గట్టెక్కాను, ఇదొక్కటే మిగిలింది. వయసు దాటిపోతోంది, మళ్ళీ పిలవరు."

"డాక్టరుకి చూపించావా?"

"చూపించానండీ. లోపల లిగమెంటు సగం తెగిందట. పరిగెడితే మిగతా సగం తెగుతుంది, ఆ తర్వాత మామూలు నడకే కష్టమన్నాడు. ఇంట్లో అక్క ఏడుపు మొదలుపెట్టింది. తర్వాత తనే ఫోన్లో వెతికి దీన్ని తెప్పించింది. నూటికి తొంభైమంది నొప్పి లేకుండా పరిగెత్తారని వెబ్‌సైట్లో పెద్దక్షరాలతో ఉంది." అమ్మాయి నవ్వింది. "డాక్టరు ఒక్కడు బాబాయిగారూ, వీళ్ళు తొంభైమంది!"

బాబాయిగారు నవ్వలేదు.

ఆఫీసులో కూడా ఆయన్ని బాబాయనే పిలుస్తారు. పూర్తిగా చెప్పాలంటే నక్షత్రాల బాబాయి. ఆటసామాను అమ్మే ఒక వెబ్‌సైటు వాళ్ళ ఆఫీసు అది. టైర్ల కొట్టు పైన రెండు గదులు, గోడవారగా బూట్ల పెట్టెలు, ఎప్పుడూ రబ్బరు వాసన. ఒక గదిలో అందరూ కవిగారని పిలిచే కుర్రాడు కూర్చుని బూట్లు వేసుకుంటే గాలిలో తేలిపోతారనీ, బ్యాటు పడితే బంతే భయపడుతుందనీ రాస్తుంటాడు. రెండో గదిలో బాబాయి ఆ మాటల్ని తూకం వేస్తాడు. గాలిలో తేలడం నేరం కాదు, ఎవడూ నమ్మడు గనక. నమ్మే మాటలే ప్రమాదం. కొట్టెయ్యాల్సినవి కొట్టేస్తాడు. కొట్టెయ్యడానికి మనసొప్పకపోతే మాట చివర చిన్న నక్షత్రం గుర్తు పెట్టి, పేజీ అడుగున అసలు సంగతి రాస్తాడు. ఏ మాటకు ఏ నక్షత్రమో ఆయన చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేరు.

సంతలో అమ్మేవాడు అరుస్తాడు, మనం వాడి మొహంలోకి చూస్తాం. కళ్ళు పక్కకి తిప్పాడా, గొంతు జీరబోయిందా అన్నది కనిపెట్టి బేరమాడతాం. ఈ కథ చెబుతున్న నేను తిరిగిన రేవుల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద, భాష తెలియని చోట కూడా మొహం చూసి మోసాన్ని పసిగట్టినవాళ్ళే కనిపించారు. వెబ్‌సైటుకి మొహం లేదు. బాబాయి తన నక్షత్రమే ఆ మొహం అనుకున్నాడు. చదివేవాడు దాన్ని చూస్తాడు, కిందికి దిగుతాడు, నిజం తెలుసుకుంటాడు. ఇన్నేళ్ళూ ఆ నమ్మకంతోనే నిద్రపోయాడు.

ఇంట్లోనూ అదే వరస. కూతురు కొత్త చీర కట్టుకుని ఎలా ఉన్నాను నాన్నా అంటే, "ఈ లైటులో బాగానే ఉన్నట్టుంది" అనేవాడు. భార్య బతికున్నప్పుడు, "మీ నోట ఔననో కాదనో ఒక్కసారి వినాలని ఉందండీ" అని విసుక్కునేది. ఆవిడ ఆస్పత్రిలో ఉన్నప్పుడు, నాకు తగ్గుతుందా అని అడిగింది. అప్పుడూ ఆయన ఔననలేదు, కాదనలేదు.

బస్సు మలుపు తిరిగింది. బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఆ తొంభై పక్కన చిన్న నక్షత్రం ఉంటుంది. చూశావా?"

"నక్షత్రమా? అదేదో అందానికి పెట్టుంటారులెండి."

"పేజీ అడుగున దాని గురించి రాసి ఉంటుంది. ఒకసారి చూడు."

అమ్మాయి ఫోను తీసి బొటనవేలితో పేజీని పైకి తోసింది. అడుగున నిజంగానే రెండు వరుసలున్నాయి, చీమల బారులా. కానీ సరిగ్గా వాటి మీదే 'ఇప్పుడే కొనండి' అనే ఎర్ర మీట తిష్ఠవేసుకుని కూర్చుంది. ఎటు జరిపినా అదీ వెంటే వస్తోంది. బాబాయి నోరు తెరిచి చూశాడు. ఆఫీసులో తలుపంత కంప్యూటరు ముందు కూర్చునే ఆయన, తను రాసిన మాట ఫోనులో ఎలా కనిపిస్తుందో ఒక్కనాడైనా చూడలేదు. కొనేవాళ్ళంతా ఫోనులోనే కొంటారని తెలిసీ చూడలేదు.

అమ్మాయి ఫోను అడ్డంగా తిప్పింది. మీట పక్కకి తప్పుకుంది. కూడబలుక్కుంటూ చదివింది: "మోకాలి సమస్యలేవీ లేని పదిమంది పరుగు అలవాటున్నవారి అభిప్రాయం ఆధారంగా." "అంటే ఏంటండీ?"

"వాళ్ళకి ముందునుంచీ నొప్పి లేదమ్మా. పట్టీ ఇచ్చి పరిగెత్తమన్నారు. తొమ్మండుగురు నొప్పి లేదన్నారు. పదో ఆయన ఆ రోజు రాలేదు."

"మీకెలా తెలుసు?"

"ఆ మాట రాసింది నేనే."

"పైదా, కిందదా?"

"కిందది."

"మరి పైదాన్ని కొట్టెయ్యలేదేం?"

జవాబు నాలిక మీదికి వచ్చింది. 'అది అబద్ధం కాదు గనక.' ఆఫీసులో అడిగినప్పుడల్లా చెప్పిన మాటే. బస్సు కుదుపుల మధ్య, ఈ మోకాలి పక్కన కూర్చున్నాక ఆ మాట పెదవి దాటలేదు.

అమ్మాయి కిటికీవైపు తిరిగింది. ముందు సీటులో ఎవరో గురక పెడుతున్నారు. "ఎంత సంబరపడిందో మా అక్క," అంది తనలో తను. తర్వాత సూటిగా ఆయన కళ్ళలోకి చూసింది. "చదువుకున్నవారు, ఆ ఆఫీసులోనే పనిచేస్తున్నారు. ఒక్క ముక్కలో చెప్పండి బాబాయిగారూ. పరిగెత్తనా, వద్దా?"

పరిస్థితిని బట్టి ఉంటుందమ్మా అనబోయాడు. మింగేశాడు.

"వద్దు తల్లీ. అది పని చెయ్యదు."

ఇంత సూటిగా ఆయన ఎప్పుడూ మాట్లాడి ఉండడు. చెప్పగానే ఏదో బరువు దిగుతుందనుకున్నాడు కాబోలు, ఒక్క క్షణం అమ్మాయి మొహంలోకి ఆశగా చూశాడు.

ఆమె వంగి పట్టీ విప్పింది. చర్మం మీద ఎర్రటి వాత పడి ఉంది. దాన్ని అరచేత్తో రాసుకుని, మళ్ళీ పట్టీ చుట్టి ఇంకాస్త బిగించింది.

"పరిగెడతానండీ. పరిగెత్తకపోతే నాకేముంది? మీరు చెప్పకపోతే ధైర్యంగా పరిగెత్తేదాన్ని. ఇప్పుడు భయపడుతూ పరిగెత్తాలి. అంతే తేడా." గొంతులో కోపం లేదు. అదే ఆయనకు భరించరానిదైంది. "ముందే చెప్పుంటే అక్క ఇంకేదైనా దారి చూసేది. లేదంటే అసలు చెప్పకుండా ఉండాల్సింది."

డ్రైవరు టీ బంకు దగ్గర బస్సు ఆపాడు. కొందరు ఒళ్ళు విరుచుకుంటూ దిగారు. బాబాయి కూడా లేచి, పైనున్న సంచి తీసుకున్నాడు.

"మీరు దిగాల్సింది ఇక్కడ కాదుగా? చివరిదాకా టిక్కెట్టు తీసుకున్నారుగా?" అంది అమ్మాయి.

ఆయన సీట్ల కడ్డీలు పట్టుకుంటూ మెట్లు దిగాడు. టీ బంకువైపు పోలేదు. పొగమంచులో, బస్సు వచ్చిన దారినే, ఆఫీసున్న ఊరివైపు, పైకి నడవడం మొదలుపెట్టాడు. బస్సు కదిలినప్పుడు హారను రెండుసార్లు మోగింది. ఆయన రోడ్డు వారకి జరిగాడే తప్ప వెనక్కి తిరిగి చూడలేదు.