ఉమాకాంత్ తల, మావగారి నోట్‌బుక్

ఉమాకాంత్ మొదట అనుమానించింది చేతి వాచీని.

బేస్‌మెంట్‌లో ట్రెడ్‌మిల్ మీద ఇరవై నిమిషాలు నడిచాడు. గుండె నిమిషానికి నూట పన్నెండు సార్లు కొట్టుకుంటోందని వాచీ చూపించింది. క్లినిక్‌లో పెట్టిన హద్దు నూట ఇరవై ఎనిమిది. దానికి చాలా కిందే ఉన్నాడు. అయినా మెట్లెక్కి వంటింట్లోకి వచ్చేసరికి తల చుట్టూ ఎవరో బెల్టు పెట్టి ఒక్కో బెజ్జం బిగిస్తున్నట్టు పట్టేసింది. ఇది నొప్పి కాదు, నొప్పయితే మాత్ర వేసుకునేవాడే. టైరులో గాలి ఎక్కువైనట్టు లోపల్నుంచి తన్నుకొస్తోంది. కూర్చుంటే గంటకు దిగుతుంది. ఎందుకొచ్చిందో, ఎందుకు దిగిందో మాత్రం అంతుపట్టదు.

మర్నాడు మెడ మీద రెండు వేళ్లు పెట్టి, ఫోన్‌లో టైమర్ ఆన్ చేసి నాడి లెక్కపెట్టుకున్నాడు. వాచీ కరెక్టే. వాచీ తప్పేమీ లేదని తేలాక మనుషుల మీద పడ్డాడు.

నమ్మకపోవడం అతని ఉద్యోగం. నోవై ఊళ్లో బ్రేకులు తయారుచేసే కంపెనీలో పద్నాలుగేళ్లుగా టెస్ట్ ఇంజనీర్. ట్రాక్ మీద కారును వేగంగా తీసుకెళ్లి, ఒక్కసారిగా బ్రేకు తొక్కి, ఎన్ని అడుగుల్లో ఆగిందో రాస్తాడు. రోజుకు అరవై, డెబ్భై సార్లు. ఒక సెన్సర్ చెప్పింది రెండోది కూడా చెబితే తప్ప నమ్మడు. నలభై ఆరేళ్ల మనిషికి ఇష్టమైన పని దొరకడం చిన్న విషయం కాదు, దొరికింది కాబట్టే జాగ్రత్తగా పట్టుకుని ఉన్నాడు.

ఫిబ్రవరిలో ఇంటి ముందు డ్రైవ్‌వే మీద మంచు ఎత్తిపోస్తూ వెల్లకిలా జారాడు. తల వెనకభాగం నేలకు కొట్టుకుంది. కంకషన్, దెబ్బకి మెదడు అదిరిందన్నారు. స్కాన్‌లో ఏమీ లేదన్నారు. ఆ మాటే అతనికి శాపమైంది. కట్టు లేదు, కుట్లు లేవు, చూపించుకోవడానికి ఒక్క గీతన్నా లేదు. పాజిటివ్‌గా ఆలోచించమన్నవాళ్లు తొమ్మిదిమంది. దేవుడు చల్లగా చూశాడు, అంతటితో పోయిందన్నారు గుళ్లో ఒకాయన. ఆ చూసే దేవుడు మంచు కరగడానికి నాలుగు గుప్పెళ్ల ఉప్పు డ్రైవ్‌వే మీద చల్లి ఉంటే ఇంకా బాగుండేదని ఉమాకాంత్ అనుకున్నాడు గానీ పైకి అనలేదు.

ట్రాక్ మీద కారు నడిపే పర్మిట్ ఆపేశారు. ఏప్రిల్ ఆఖరి గురువారం క్లినిక్‌లో ఫారం మీద సంతకం పడితే తిరిగిస్తారు, లేకపోతే కొత్త కారు బ్రేకు టెస్టులన్నీ మోహన్‌కి వెళ్లిపోతాయి. మోహన్ అతని కింద నేర్చుకున్నవాడే. "అన్నా, చూడ్డానికి సూపర్‌గా ఉన్నారు గదా! హాయిగ రెస్ట్ తీస్కోండి, ట్రాక్ నేను చూస్కుంటా" అన్నాడు. అందులో చివరి ముక్కని ఉమాకాంత్ రెండు రోజులు అటూ ఇటూ తిప్పి చూశాడు.

క్లినిక్‌లో ఫిజికల్ థెరపిస్ట్ నైనిక. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. మొదటి రోజే అంకుల్ అంది. అది ఒక దెబ్బ.

"అంకుల్, హెడ్ ప్రెషర్ జీరో నుంచి టెన్. నాకు నంబర్ చెప్పండి. నిజం నంబర్."

"నిజం కాక ఏం చెప్తానమ్మా?"

"అందరూ అలాగే అంటారు. మా మామ్, ప్రమోద ఆంటీ సేమ్ వాకింగ్ గ్రూప్, తెలుసా?"

తెలియదు. తెలిశాక ఈ గదిలో అన్న మాట తనకంటే ముందు ఇంటికి చేరుతుందన్న అనుమానం పట్టుకుంది.

ఇంట్లో పరిస్థితి అంతకంటే మెరుగ్గా ఏం లేదు. భార్య ప్రమోద తండ్రి అచ్యుతరావు గారు తెనాలి నుంచి ఆరు నెలలకని వచ్చారు. హైస్కూల్లో ముప్ఫై ఏళ్లు డ్రిల్లు మాస్టారు. అల్లుడు ట్రెడ్‌మిల్ ఎక్కితే చాలు, ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చుంటారు. మధ్య మధ్య చొక్కా జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి ఏదో రాస్తారు. ఏమిటని అడిగితే "ఏదోలెండి, కాలక్షేపం" అంటారు.

ఓ రోజు వంటింట్లో ప్రమోద తండ్రితో గొంతు తగ్గించి మాట్లాడటం వినబడింది. "ఇవాళ కూడా పట్టేసిందంటున్నారు. రాశావా నాన్నా?"

రాశావా అంటే? తండ్రీకూతుళ్లు కలిసి కేసు కడుతున్నారన్నమాట!

ఉమాకాంత్ తన లెక్క తాను ముమ్మరం చేశాడు. కంప్యూటర్‌లో షీట్ తెరిచి నిద్ర, కాఫీ, నడక, గుండె వేగం, స్క్రీన్ చూసిన గంటలు, చివరికి బయట గాలి పీడనం కూడా ఎక్కించాడు. ఏ రెండూ కలవలేదు. ఒకే వేగం, ఒకే నిమిషాలు. సోమవారం తల తేలిగ్గా ఉంటుంది, బుధవారం బిగుసుకుంటుంది.

అపాయింట్‌మెంట్‌కి ముందురోజు పొద్దున అచ్యుతరావు గారు కాఫీకని పైకెళ్లారు. కుర్చీలో శనక్కాయ తొక్కల పక్కన నోట్‌బుక్ ఉంది. ఉమాకాంత్ ట్రెడ్‌మిల్ దిగాడు. తీసి చూశాడు.

స్కేలు పెట్టి గీసిన గళ్లు. తేదీ, నడక, గిన్నె, తల. తల అన్న గడిలో టిక్కులు పదకొండు. గిన్నె అన్న గడిలో కూడా పదకొండు. అవే తేదీలు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. దాచడానికి టైం లేదు.

"మావయ్య గారూ, ఈ గిన్నె ఏంటి?"

"రుబ్బే గిన్నె, బాబూ. ఇంకేం గిన్నె ఉంది ఈ గదిలో?"

మూలన గ్రైండర్ ఉంది. దాని మోతకి పైన ఉండలేక ఎప్పుడో కిందికి దించేశారు. బుధవారం, శనివారం ఇడ్లీ పిండి. నడక అయ్యాక ఎలాగూ పైకే వెళుతున్నాడు కదా అని, రాళ్లతో సహా ఆ గిన్నెని గుండెలకి ఆనించుకుని పద్నాలుగు మెట్లు ఎక్కించేది ఉమాకాంతే. ఏళ్లుగా అలవాటు. షీట్‌లో గాలి పీడనం ఉంది గానీ గిన్నె లేదు. వ్యాయామానికి బూట్లు, వాచీ ఉంటాయి. గిన్నె మొయ్యడం ఇంటి పని. అదీ శ్రమేనని అతనికి తట్టనే లేదు.

"వంగేప్పుడు మీరు ఊపిరి బిగబడతారు అల్లుడు గారూ. మొహం ఎర్రబడుద్ది. పైమెట్టు దాకా వదలరు. మా స్కూల్లో పిల్లకాయలు బరువులెత్తేప్పుడు ఇట్టాగే చేస్తే నడ్డి మీద ఒకటిచ్చేవాణ్ణి."

"మరి నెలన్నరగా చూస్తూ చెప్పరేం?"

ఆయన కుర్చీ మీది తొక్కలు దులిపారు. "మొదట్లో... గిన్నె మొయ్యడం ఎగ్గొట్టడానికి నాటకం అనుకున్నా. మా అమ్మాయికీ అదే డౌటు. రాసి పెట్టు నాన్నా, తేలిపోద్ది అంది. పోను పోను నిజమేననిపించింది. అప్పుడు చెబ్దామంటే, అల్లుణ్ణి పనిలోంచి తప్పించావంటది నన్ను."

ఉమాకాంత్‌కి కోపం రావాల్సింది. వచ్చింది కూడా. కానీ తనకంటే మంచి డేటా తీసిన మనిషి మీద అది ఎంతోసేపు నిలవలేదు.

గురువారం క్లినిక్‌లో ట్రెడ్‌మిల్ మీద పద్దెనిమిది నిమిషాలు నడిచాడు. గుండె పాత హద్దుని మించి నూట ముప్ఫై కూడా దాటింది.

"నంబర్, అంకుల్?"

"ఒకటి." నిజంగా ఒకటే.

"గ్రేట్! సైన్ చేసేస్తా." నైనిక పెన్ను మూత తీసింది.

గిన్నె సంగతి ఈ అమ్మాయికి తెలియదు. లేదా తెలిసీ, చెబుతాడో లేదో అని చూస్తోందా? వాకింగ్ గ్రూప్ గుర్తొచ్చింది. ఆమె మొహంలో ఏమీ దొరకలేదు. తర్వాత తన కుడికాలు గుర్తొచ్చింది. బ్రేకు తొక్కే ముందు తను చేసేదేమిటి? దవడలు బిగించి, ఒళ్లు బిర్రబిగించి, ఊపిరి బిగబట్టడం. రోజుకు డెబ్భై సార్లు, గంటకు డెబ్భై మైళ్ల వేగంలో. అదంతా గిన్నె మొయ్యడమే.

"ఆగమ్మా," అన్నాడు. "బరువేదన్నా ఉందా ఇక్కడ?"

ఇరవై పౌండ్ల పెట్టె తెచ్చి పెట్టింది. గిన్నెని ఎత్తినట్టే ఎత్తాడు. మూడోసారికి బెల్టు బిగుసుకుంది.

"నంబర్?"

"ఆరు."

ఆమె పెన్నుకి మూత పెట్టేసింది. గిన్నె సంగతంతా విని ఇంకో ఆరు వారాలంది. టెస్టులు నువ్వే చూస్కో అని మోహన్‌కి పార్కింగ్ లాట్ నుంచే మెసేజ్ పెట్టాడు. రెండు సెకన్లలో బొటనవేలు బొమ్మ వచ్చింది. రెండే సెకన్లు!

ఇంటికి వచ్చి నైనిక ఇచ్చిన కాగితం ప్రమోద చేతిలో పెట్టాడు. ఆమె నిలబడే చదివింది.

"గిన్నె మొయ్యకూడదని రాసిందేమో అనుకున్నా."

"రోజూ ఎత్తమంది. ముందు ఖాళీది. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి. వారానికి కొంచెం బరువు పెంచాలి."

"రోజూనా?" ప్రమోద కాగితం తిరగేసి వెనకవైపు కూడా చూసింది. "ఇది నైనికే రాసిందా, మీరు అడిగి రాయించారా?"

"అడిగి రాయించేవాణ్ణయితే వద్దనే రాయించేవాణ్ణి కదా!"

ఆ మాట మాత్రం ఆమెకి సబబుగానే తోచింది.

శుక్రవారం పొద్దున బేస్‌మెంట్‌లో ఉమాకాంత్ మోకాళ్లు వంచి ఖాళీ గిన్నెని పట్టుకున్నాడు. "వదలండి, ఊపిరి వదలండి, ఆఁ!" అని అచ్యుతరావు గారు డ్రిల్లు గొంతుతో అరిచారు. పద్నాలుగు మెట్లూ ఎక్కి, దిగి వచ్చాడు.

మావగారు నోట్‌బుక్ తీశారు. "ఎంత?"

"రెండు."

ఆయన పెన్సిల్ కాగితానికి ఆనించి, అల్లుడి మొహంలోకి కాసేపు పరీక్షగా చూశారు. ఆ తర్వాతే రెండు వేశారు.