దశరథం సారు నాకిన పొయ్యిరాళ్లు

కోరుట్ల దశరథం సారు రాయి కనబడితే నాకకుండా ఉండలేడు. కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు గానీ, ఆయన నాలుక ఇంకా డ్యూటీలోనే ఉంది.

పక్కింటి కొమురెల్లికి ఆయనంటే హడల్. దుబాయిలో పని కుదిరి, పాస్‌పోర్టుకు పోలీసుల విచారణ కోసం ఎదురుచూస్తున్న మనిషి. పొద్దున్నే గేటు దగ్గర దొరికిపోయేవాడు.

"కొమురెల్లీ, గిటు రా! గిది బొగ్గుగని మీది పొర. ఇండ్ల ఆర్సెనిక్ ఉంటది, సీసముంటది."

"విషం గాదా సారూ! మరి నాకుతున్నరేంది?"

"గంపెడు రాళ్లల్ల చిటికెడు గూడ ఉండదురా. నాలుకకు అతుక్కుంటే మట్టిపొర, లేకుంటే ఇసుకపొర. గంతే నాలుక పని. మిగిలింది ల్యాబు చెప్తది. గా విషం బాయి నీళ్లల్లకు ఎంత దిగుతదో చూడాలె గదా!"

రాయికి తప్పు పేరు పెడితే మాత్రం ఊరుకోడు. సిరిసిల్లలో బామ్మర్ది గృహప్రవేశానికి పోయి, వ్రతం నడుస్తుండగానే గోడ నాకి, "పాలరాయి గాదు బామ్మర్దీ, నిన్ను నిండ ముంచిండ్రు" అన్నాడు. అంతే, రాకపోకలు బంద్. "ఒక్క అబద్ధమాడితే ఏం పోతుండె?" అని భార్య కనకవ్వ మొత్తుకుంటే, "రాయి మీదనా!" అని చెవులు మూసుకున్నాడు మహానుభావుడు.

తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులవి. జగిత్యాల పోయే రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. రోడ్డుకడ్డంగా పొయ్యిలు, అక్కడే వంట, అక్కడే బంతి భోజనాలు. సాయంత్రం కొమురెల్లి తమ పొయ్యిరాళ్లను సంచిలో వేసుకుని ఇంటికి బయల్దేరాడు. ఖర్మ! అప్పుడే ఎవడో రాయి విసిరి పోలీసు జీపు అద్దం పగలగొట్టాడు. సంచిలో రాళ్లతో దొరికినవాణ్ని వదులుతారా? ఠాణాకు ఈడ్చుకుపోయారు.

"మా అవ్వ పొయ్యిరాళ్లు సార్!"

"రాళ్లు గూడ ఇంటికి మోసుకపోతరారా ఎవలన్న? కేసు రాయుండ్రి" అన్నాడు ఎస్సై.

కేసు పడిందంటే పాస్‌పోర్టు గల్లంతే.

అప్పుడు ఊడిపడ్డాడు దశరథం సారు. కొమురెల్లి తల్లి ముత్తవ్వ ఏడుపు విని చెప్పుల్లేకుండా ఉరికొచ్చాడు.

"గవి నా రాళ్లు! గోదావరిఖని దిక్కు బొగ్గుగనివి. పరీక్షకు నేనే తెమ్మన్న."

కొమురెల్లి సంచి వైపూ, సారు వైపూ మార్చి మార్చి చూశాడు.

"గింత నల్లగున్నయేంది?" అన్నాడు ఎస్సై.

"బొగ్గు పక్కన పుట్టినయి తెల్లగుంటయా?" సారు ఒక రాయి తీసి, అందరి ముందరా నాకాడు. "ఆర్సెనిక్, సీసం, పాదరసం..."

రాళ్లు పట్టుకున్న కానిస్టేబుల్ వాటిని టేబుల్ మీద పడేసి నల్లా దగ్గరికి లగెత్తాడు. ఎస్సై కుర్చీ గోడకు తగిలింది. "ముందుగాల గవి తీస్కపోండ్రి సారూ! ఈన్ని గూడ తీస్కపోండ్రి!"

ఇద్దరూ బయటికొచ్చారు. కేసు భయం పోయింది గానీ, కొమురెల్లికి ఈ వింత మింగుడు పడలేదు.

"సారూ... మీరు రాయి మీద అబద్ధమాడిండ్రా!"

సారు తల దించుకున్నాడు. "నీ బతుకు కన్న రాయి పేరు పెద్దదారా?" పెదవులు చప్పరించాడు. "గది సరే గని, పప్పుచారు ఎవలు చేసిండ్రు?"

"మా అవ్వ."

"అబ్బ! రాయే గిట్లుంటే చారెట్లుంటదిరా? పా పా, గిన్నెల ఏమన్న మిగిలిందేమో చూద్దాం."