శతాబ్ది కిటికీలోంచి గోవర్ధనగిరి

మా అత్తయ్యది తుని. అక్కడివాళ్ళకి అన్నవరం కొండ రైల్లోంచే కనపడుతుంది. దిగే వీలు లేనప్పుడు కిటికీలోంచి దణ్ణం పెట్టుకున్నా దర్శనం అయినట్టే లెక్క. కంటి ఆపరేషన్‌కి ఢిల్లీలో మా ఆర్.కె. పురం క్వార్టర్‌కి వచ్చినప్పుడు, చూపు బాగుపడితే గోవర్ధనగిరికి దణ్ణం పెట్టుకుంటానని మొక్కుకున్నారు. కొండ చుట్టూ నడవడం ఆవిడ మోకాళ్ళ వల్ల కాదు. "మథుర మీంచే కదా రైలు వెళ్ళేది, కిటికీలోంచి పెట్టేసుకుంటానే" అన్నారు. నాకూ సబబుగానే తోచింది. ఆపరేషన్ బాగానే అయింది, చూపూ బాగుపడింది. డాక్టరు ప్రయాణం చేయొచ్చనేసరికి ఊరికి తిరుగు ప్రయాణం ఎల్లుండికి వచ్చేసింది, అదీ మథురని చీకట్లో దాటే బండి. అంటే చేతిలో ఉన్నది ఒక్క రోజు.

ఉదయం ఆరు దాటాక న్యూఢిల్లీలో బయల్దేరే భోపాల్ శతాబ్దికి, కొండ మథుర దాటాక కనపడుతుందేమోనని ఆగ్రా దాకా టికెట్లు తీశాను. అప్పట్లో దేశంలో దానంత వేగమైన రైలు లేదు. కొండ మథురకి పడమట ఉందని మ్యాపులో చూసి, కుడివైపు కిటికీ సీటు పట్టాను. ఆ తెలివి చాలనుకున్నాను. ఫరీదాబాద్ ఫ్యాక్టరీలు దాటేసరికి టీ, బిస్కెట్లు వచ్చాయి. దణ్ణం పెట్టాకే తింటానని అత్తయ్య బిస్కెట్లు సంచిలో వేసుకున్నారు.

ఆ తర్వాత ఆవాల చేలు, ఇటుక బట్టీలు, మళ్ళీ చేలు. ఏడుంబావు అయినా కొండ జాడ లేదు. దాటిపోయామా, ఇంకా రాలేదా, మ్యాపు నేనే తిరగేసి చూశానా? బుర్ర పనిచేయలేదు. "వచ్చిందేంటే?" అని ఆవిడ మూడోసారి అడిగేసరికి, దూరంగా ఏదో మట్టిదిబ్బ కనపడింది. "అదిగో అత్తయ్యా!" అనేశాను. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు.

పక్క సీటు పెద్దాయనది మథురే. అది ఇటుక బట్టీవాళ్ళ మట్టికుప్ప అని నవ్వాడు. కొండ ఇక్కడికి ఇరవై కిలోమీటర్ల పైనే ఉందట, ఏ రైల్లోంచీ కనపడదట. పైగా ఏదో శాపం వల్ల రోజుకో నువ్వుగింజంత కుంగిపోతోందట. అత్తయ్యకి హిందీ రాదు. ఏవంటున్నాడని అడిగారు. నోరు మూసుకుని ఆగ్రా వెళ్ళిపోవచ్చు. కానీ మనసొప్పలేదు. మథురలో దిగాలని మాత్రం చెప్పగలిగాను. ఆవిడ వెంటనే సంచి భుజాన వేసుకుని లేచారు, అదింకా గాభరా పెట్టింది.

రానూపోనూ రెండొందల యాభైకి ఆటో మాట్లాడాను. గంట తర్వాత ఒక రోడ్డు పక్కన ఆపాడు.

"భయ్యా, పహాడ్ కహాఁ హై?"

"యహీ తో హై, దీదీ."

కంచె అవతల బండరాళ్ళు, ముళ్ళపొదలు, నాలుగు కోతులు. కృష్ణుడు వేలి మీద ఎత్తింది దీన్నేనా? కొండ ఇదేనా అని మళ్ళీ అడిగాను. ఇదేనన్నాడు. ఇక దాచలేక, రైల్లో చూపించింది మట్టిదిబ్బ అని అత్తయ్యకి చెప్పేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"రైల్లో నాకు కొండేం కనపళ్ళేదే. నువ్వు అంత ఇదిగా చూపించావని పెట్టేశాను" అన్నారు. తర్వాత అటూ ఇటూ చూశారు. "ఇప్పుడూ రాళ్ళే గానీ కొండ కనపట్టం లేదు. ఎటు తిరిగి పెట్టాలో చెప్పు."

భుజాలు పట్టుకుని బండరాళ్ళ వైపు తిప్పాను. దణ్ణం పెట్టి, సంచిలోంచి బిస్కెట్లు తీశారు.

మొక్కు ఏ దణ్ణంతో తీరిందో నాకు ఇప్పటికీ తెలియదు. రెండూ నా మాట మీద పెట్టినవే, అందులో ఒకటి అబద్ధం. మీరు వెళ్తే కుడివైపు సీటు కోసం తంటాలు పడకండి. టికెట్ మథుర దాకానే తీసుకుని, అక్కడ ఆటో మాట్లాడుకోండి. పక్కన పెద్దవాళ్ళుంటే, కనపడనిది కనపడలేదనే చెప్పండి. వాళ్ళకీ కనపడి ఉండదు.