పడవెక్కిన కత్తిపీట

నా మాట మా ఇంట్లో ఎవరూ నమ్మరు. "వాన పడుతోంది" అన్నా మా ఆయన లేచి కిటికీ దాకా వెళ్ళి చూసొస్తారు. దీనికంతటికీ కారణం చేపలు. చేపలు పట్టేవాళ్ళు ఉన్నది ఉన్నట్టు చెప్పాల్సొస్తే పడవెందుకు, గాలమెందుకు, పొద్దున్నే లేచి చలికి వణకడమెందుకు? కొట్టుకెళ్ళి కొనుక్కుంటే పోలా?

కెనడాలోని మా రెజైనాలో ఇళ్ళ కింది బేస్‌మెంట్లన్నీ స్టూడెంట్లతో నిండిపోయిన ఏళ్ళవి. చర్చిలో వెనక కుర్చీలు చాలక పిల్లలు గోడవారన నిలబడి పాటలు పాడేవాళ్ళు. మా బేస్‌మెంట్‌లో ఉన్నమ్మాయిది నరసాపురం వైపు. చదువు అయిపోయింది, కాఫీ షాపులో షిఫ్టులు చేస్తోంది, ఇక్కడే స్థిరపడనిమ్మని ప్రావిన్స్ నామినేషన్‌కి అప్లై చేసి కూర్చుంది. కూర్చుంది అనకూడదు. ఆ పిల్ల కుదురుగా కూర్చోగా నేను చూళ్ళేదు. చలికాలం ముదిరేలోపు వర్క్ పర్మిట్ అయిపోతుంది. ఈలోగా నామినేషన్ వస్తే ఉంటుంది, రాకపోతే పెట్టె సర్దుకోవాలి. మెట్లెక్కి వచ్చి ఫోన్ చూసుకునేది, మెట్లు దిగుతూ చూసుకునేది, కుడిచేత్తో అన్నం కలుపుతూ ఎడంచేత్తో స్క్రీన్ కిందికి లాగేది.

"ఆంటీ, చిన్న జరిమానా టికెట్టు పడినా అప్లికేషన్ పక్కన పడేస్తారంటండి, నిజమేనాండి?" అని ఓరోజు అడిగింది. వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారట. నాకు తెలీదన్నాను. ఆ మాట మాత్రం నమ్మింది. అప్పట్నించీ రోడ్డు మీద ఒక్క కారు లేకపోయినా సిగ్నల్ మారేదాకా చలిగాలిలో అలా నిలబడి ఉండేది.

నా సంగతీ అంతే. అక్టోబర్ వచ్చిందంటే నా కాళ్ళు ఇంట్లో నిలవవు. నది గడ్డకట్టడానికి ముందు వాలై చేపలు ఆకలి మీద ఉంటాయి, చలికాలానికి సరిపడా తినాలని ఆవురావురుమంటూ తిరుగుతాయి. వాటి ఆకలి, నా ఆత్రం ఒకే రోజుల్లో పడతాయి. అందుకని ఆ శనివారం అమ్మాయి తలుపు కొట్టాను.

"లేవవే, నదికి పోదాం. ఫోన్ చూసుకుంటూ ఇక్కడ ఏడిచే బదులు అక్కడ గాలం చూసుకుంటూ ఏడుద్దువుగాని."

"చేపలు పట్టడానికి నాకు లైసెన్సు లేదు కదండి?"

"ఇద్దరికీ తీశాను. నీ భయం నాకు తెలుసులే."

బయల్దేరేటప్పుడు దాని భుజాన ఓ సంచి ఉంది. మోయలేక ఓ పక్కకి ఒరిగిపోతోంది. ఏమిటే అది అంటే "టిఫినండి" అంది. నరసాపురం వాళ్ళ టిఫిను ఆ మాత్రం బరువుంటుందిలే అనుకున్నాను.

ఇక్కడి పాతకాపులు వాలై అనరు, పికరెల్ అంటారు. పేరేదైనా కళ్ళు మాత్రం తెల్లటి గాజుగోళీలు. ఆ కళ్ళకి వెలుతురు గిట్టదు. ఎండెక్కితే లోతుకి దిగిపోతుంది. మబ్బు పట్టి, గాలి లేచి, నీళ్ళు కాస్త మసకబారితే పైకొస్తుంది. అంటే బుద్ధున్నవాళ్ళు దుప్పటి కప్పుకుని పడుకునే రోజే దానికి పండగ, నాకూ పండగ.

నాది చిన్న అల్యూమినియం పడవ. వెనక పెట్రోలు మోటారు, ముందు కొసన చప్పుడు చెయ్యని ఎలక్ట్రిక్ మోటారు, అడుగున ఏముందో చూపించే స్క్రీన్ ఒకటి. బతికున్న చిన్నచేపల్ని ఎర వెయ్యడం మా ప్రావిన్స్‌లో కుదరదు గనక గడ్డకట్టిన మిన్నోల పొట్లం మా ఫ్రీజర్‌లో గోంగూర పక్కనే ఉంటుంది. మా ఆయన ఒకసారి వాటిని నెత్తళ్ళనుకుని వేపుడు చెయ్యడానికి కారం పట్టించారు. ఇది మాత్రం అచ్చంగా నిజం.

దక్షిణ సస్కాచివాన్ నది ఆ రోజు సన్నగా, చల్లగా, తొందరపడుతున్నట్టు పారుతోంది. గట్ల మీద చెట్లన్నీ పసుప్పచ్చగా మారి సగం రాలిపోయాయి. అమ్మాయికి లైఫ్ జాకెట్ బిగించి, మోటారు ఆపే ఎర్రతాడు నా చేతికి తగిలించుకుని, మొదటి పాఠం చెప్పాను. లంగరు ఎప్పుడూ పడవ ముందు కొస నుంచే వెయ్యాలి. వెనక నుంచి వేశామా, పారే నీళ్ళు వెనకంచు మీదుగా లోపలికి ఎక్కేస్తాయి.

"మీరెప్పుడైనా అలా వేశారాండి?"

"వేశాను. మునిగి, నది అడుగున నడుచుకుంటూ గట్టెక్కాను."

అది నవ్వలేదు. ఫోన్ చూసుకుంటోంది. రెండు గట్ల మధ్య లోయలో సిగ్నల్ ఎక్కడిది? పడవలో లేచి నిలబడి ఫోన్‌ని ఆకాశానికి చూపించింది. పైన బాతుల బారు ఒకటి దక్షిణానికి పోతోంది.

"కూర్చో తల్లీ, పడవ తిరగబడుద్ది. నీ నామినేషన్ ఆ బాతులేం పట్టుకురావు."

నదిలో చేప జాడ తెలియాలంటే నురగని చూడాలి. వేగంగా పారే నీళ్ళూ నెమ్మదిగా తిరిగే నీళ్ళూ ఒరుసుకునేచోట నురగ గీతలా కడుతుంది. వాలై ఆ గీతకి ఇవతల, నెమ్మది నీళ్ళలో, ప్రవాహానికి ఎదురుగా మూతి పెట్టుకుని నిలబడుతుంది. కష్టపడకుండా, కొట్టుకొచ్చిన తిండి మాత్రం తింటుంది. అక్కడికి సీసపు తల ఉన్న గాలం, అంటే జిగ్, దానికో మిన్నో గుచ్చి వదలాలి. అడుగు తాకిందా, జానెడు ఎత్తాలి, మళ్ళీ దించాలి. గాలం మరీ తేలికైతే ప్రవాహం ఎత్తుకుపోతుంది, మరీ బరువైతే రాళ్ళలో ఇరుక్కుంటుంది. ఇదంతా వింటూ తలూపింది. దారం ఏ కాస్త కదిలినా చెయ్యి విరిగేట్టు పైకి గుంజేది. మిన్నో ఒక్కటే ఎగిరొచ్చి నా టోపీకి తగిలేది.

"గుంజకే! పికరెల్ కొరికితే కొరికినట్టుండదు. తడిగుడ్డ తగులుకున్నట్టు కాస్త బరువనిపిస్తుంది, అంతే. అప్పుడు మెల్లిగా ఎత్తు."

"అది తడిగుడ్డో చేపో ఎలా తెలుస్తుందండి?"

"ఆగితే తెలుస్తుంది."

"ఆగడమే రావట్లేదండి నాకు," అంది.

నాకు మాత్రం వస్తుందా? గీతకి ఎగువనోసారి, దిగువనోసారి, ఓ రాయి వెనక ఇంకోసారి, పడవని తిప్పుతూనే ఉన్నాను. పక్క పడవ వాళ్ళు ఒకేచోట లంగరేసి హాయిగా శాండ్విచ్‌లు తింటున్నారు. చివరికి అమ్మాయే, ముక్కు తుడుచుకోవడానికి గాలం సంగతి మర్చిపోయిన క్షణంలో, కెవ్వుమంది. "ఆంటీ, బరువండి!" వల వేసి ఎత్తాను. బంగారు రంగు ఒళ్ళు, వీపున ముళ్ళ రెక్క, ఆ గాజుకళ్ళు. ఆ తర్వాత దానికో రెండు, నాకో రెండు. మొత్తం ఐదు. అన్నీ పులుసుకి సరిపడే మధ్యరకం. పెద్దదనదగ్గది ఒక్కటీ లేదు. అన్నిటినీ పడవలోని నీళ్ళ తొట్టెలో వేశాం.

ఇంతలో గాలి ప్రవాహానికి ఎదురు తిరిగింది. ఎదురుగాలికి నది మీద అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి, చిన్న పడవకి మంచిది కాదు. గట్టుకొచ్చి, రేవులో పడవని కట్టి, అమ్మాయిని అందులోనే ఉంచి, పైనున్న ట్రక్కూ, పడవనెక్కించే ట్రైలరూ తేవడానికి వెళ్ళాను.

పైన ఓ పెద్దాయన తన పడవ దింపడానికి వంతు కోసం కాచుక్కూర్చున్నాడు. ఏమైనా పడ్డాయా అనడిగాడు. మనిషై పుట్టినవాళ్ళెవరైనా ఆ ప్రశ్నకి మధ్యరకం చేపలని జవాబు చెబుతారా?

"మూడు," అన్నాను. నా భుజం దగ్గర చెయ్యి పెట్టి వేళ్ళ కొసల దాకా చూపించాను. "ఒక్కోటి ఇంత."

ఆయన ఈల వేశాడు. నా ఒళ్ళు పులకరించింది. ఆ ఊపులో ఆ మూడూ గాలాన్ని ఎలా లాగాయో, పడవ ఎలా వెనక్కి కొట్టుకుపోయిందో కూడా చెప్పేశాను.

ట్రైలర్ దించుకుని కిందికొచ్చేసరికి అమ్మాయి పడవలో గొంతుక్కూర్చుని ఉంది. పాదం కింద మా ఇంటి కత్తిపీట. అది సంచిలోని టిఫిను! పక్కన పసుపు డబ్బా, ఉప్పు పొట్లం. ఐదు చేపలూ ముక్కలైపోయి, పసుపు పూసుకుని, ఐసు పెట్టుకునే కూలర్ డబ్బా మూత మీద కుప్పగా ఉన్నాయి.

"ఏం చేశావే!"

"కోసేశానండి. పట్టిన వెంటనే కోసి ఉప్పూ పసుపూ రాయకపోతే నీచు పట్టేస్తుందండి. మా అమ్మ చూస్తే చంపేస్తుంది."

అంత అందంగా కోసిన ముక్కలు చర్చి విందుల్లో కూడా చూళ్ళేదు నేను. కానీ ఇక్కడ పట్టిన చేపని ఇంటికి చేర్చేదాకా అది ఏ చేపో, ఎన్ని ఉన్నాయో, ఎంత పొడుగో అధికారులు చూసి చెప్పగలిగేలా ఉంచాలి. మనిషికి ఇన్నే అని లెక్క ఉంటుంది. అందులోనూ ఆ నీళ్ళలో మనిషికి పెద్ద చేప ఒక్కటే ఉంచుకోవాలి. ఈ రూలు నేను దానికి ముందుగా చెప్పలేదు. కత్తిపీట పడవెక్కుతుందని నేను కలగన్నానా?

అదే మాట చెబుతుండగా వెనక నుంచి బూట్ల చప్పుడు. చేపల చట్టం చూసుకునే ఆఫీసర్, కుర్రాడు, మంచివాడిలాగే ఉన్నాడు.

"గుడ్ ఆఫ్టర్నూన్ మేడమ్. పైన ఆయన చెప్పారు, మూడు పెద్దవి పట్టారటగా, ఒక్కోటీ మీ చెయ్యంత? చూడొచ్చా?"

ఇద్దరం, మూడు పెద్ద చేపలు. లెక్కకి ఒకటి ఎక్కువ. అమ్మాయి పసుపు చేతులతోనే ఫోన్ గట్టిగా పట్టుకుంది. నామినేషన్ మంజూరు చేసే ఆఫీసంతా ఆ రేవులోకి దిగొచ్చి నిలబడినట్టు చూస్తోంది అతన్ని.

"అది అబద్ధమండీ," అన్నాను ఇంగ్లీషులో. "నేను పెంచి చెప్పాను. ఐదున్నాయి, అన్నీ చిన్నవే."

"అందరూ నన్ను చూడగానే చిన్నవే అంటారు మేడమ్." పసుపు కుప్పని చూశాడు, కత్తిపీటని చూశాడు, మళ్ళీ కుప్పని చూశాడు. "వీటిని నేనెలా కొలవాలి?"

నలభై దాటిన దగ్గర్నుంచీ నేను చెప్పిన మొట్టమొదటి నిఖార్సైన నిజం అది. ఎవడికీ అక్కర్లేకపోయింది.

అమ్మాయి తెలుగులో గొణిగింది. "నా పేరు మీద రాస్తాడాండి? కోసింది నేనే కదండి. అయిపోయిందండి నా పని."

ఏం చెయ్యాలో తోచక కుప్ప వంకే చూస్తున్నాను. ముక్కల మధ్యలోంచి ఓ తలకాయ నన్నే చూస్తోంది, గాజుకన్నుతో. ఇక్కడివాళ్ళయితే రెండు పక్కలా కండ తీసుకుని తలా తోకా పారేస్తారు. నరసాపురం పిల్ల పారేస్తుందా?

"ఏమే, ఏ ముక్క ఏ చేపదో నీకు తెలుసా?"

"తెలీకేమండి. నేను కోసిందే కదా."

"అయితే పేర్చు."

ట్రక్కు వెనక తలుపు దించి తుడిచాను. అమ్మాయి ఒక్కో తలా పెట్టింది. తల వెనక ముక్క, దాని వెనక ముక్క. వాలుగా కోసిన కోతలు ఒకదాన్లో ఒకటి ఒదిగిపోతున్నాయి. "ఇది కాదు, దీని ఎముక పక్కకుంది," అని తనలో తనే అనుకుంటూ మారుస్తోంది. వేళ్ళు మొదట వణికాయి. రెండో చేప దగ్గరికొచ్చేసరికి వణకడం ఆగింది. పొద్దున్నించీ ఆ పిల్ల చేతులు నిలకడగా ఉన్నది అప్పుడే. ఆఫీసర్ వంగి చూస్తూ ఒకసారి "ఇది అటు కదా?" అన్నాడు. "నో సర్, టమ్మీ సైడ్," అంది. చివరి చేపకి తోక పక్క ముక్క కనబళ్ళేదు. ముగ్గురం వెతికాం. కూలర్ మూతకి అడుగున అంటుకుని ఉంది.

ఐదు తలలు, ఐదు తోకలు, పసుప్పచ్చగా, వరసగా, అతుకుల చేపలు. ఆఫీసర్ టేపు పెట్టి కొలిచాడు. ఒక్కటీ పెద్దది కాదు. అన్నిట్లోకీ పొడుగుదాన్ని కొలిచాక టేపు వంకా నా చెయ్యి వంకా మార్చి మార్చి చూశాడు.

"మేడమ్, మీ చెయ్యి ఇంతేనా?"

"చలికి ముడుచుకుపోయింది," అన్నాను.

నవ్వాడు. ఈసారికి నోటిమాట హెచ్చరికతో వదిలేస్తున్నానని, మళ్ళీ ఇలా కొయ్యొద్దని చెప్పాడు. అమ్మాయి వదల్లేదు. "సర్, ఎక్కడైనా నా పేరు రాస్తారా? ఇమిగ్రేషన్ వాళ్ళకి తెలుస్తుందా?" అతను జేబులోంచి చేతులు తీసి ఖాళీగా ఉన్నాయని చూపించాడు. ఏమీ రాయడం లేదన్నాడు. వెళ్ళబోతూ ఆగి, ఆ పసుపు పొడి ఎందుకని అడిగాడు. రాయకపోతే ఈ పిల్ల వాళ్ళమ్మ చంపేస్తుందని చెప్పాను.

తిరుగుదారిలో ట్రక్కు గట్టెక్కి హైవే మీదికి రాగానే దాని ఫోన్ టింగు టింగుమని మోగింది. గబుక్కున తీసి చూసింది. అన్నీ కాఫీ షాపు గ్రూపువే. మొహం కాస్త వాడింది గానీ ఫోన్ బోర్లించి ఒళ్ళో పెట్టుకుంది. ఇంటికెళ్ళేదాకా మళ్ళీ తిప్పలేదు.

పులుసు తింటూ మా ఆయన అలవాటుగా నా వైపు చూశారు. "ఎంతుందేంటి పెద్దది?" నేను నోరు తెరిచేలోపు ఆ పిల్ల ఎంగిలి చెయ్యి పక్కకి పెట్టి, ఎడంచెయ్యి భుజం దగ్గర్నుంచి బారుగా చాపింది. "ఇంతండి అంకుల్," అంది. మా ఆయన తలూపి ముద్ద కలుపుకున్నారు. నమ్మేశారు!

నది గడ్డకట్టాక, పర్మిట్ అయిపోకముందే, నామినేషన్ వచ్చింది. ఇప్పుడు ఆ పిల్ల రెజైనాలోనే ఇల్లు తీసుకుని ఉంటోంది. వాళ్ళింటికి కొత్తగా వచ్చిన స్టూడెంట్లకి ఈ కథ చెబుతోందట. అందులో చేపలు నా చెయ్యంత ఉంటాయి, ఆఫీసర్ హెలికాప్టర్లో దిగుతాడు, వణికింది నేను. మొన్న చర్చి మెట్ల దగ్గర ఓ కుర్రాడు నన్నాపాడు.

"ఆంటీ, హెలికాప్టర్ సంగతి నిజమేనా?"

ఇన్నేళ్ళలో నిజం కోసం నా దగ్గరికొచ్చినవాడు వాడొక్కడే. అమ్మాయి వాడి వెనకే నిలబడి, పెదవి కొరుక్కుంటూ నా వంకే చూస్తోంది.

"అది తప్పు చెప్పింది నాన్నా," అన్నాను. "రెండొచ్చాయి."